480 రూపాయల త్రిభుజాల కిట్టు: ఒక్క గడి తప్ప అంతా నచ్చింది

నెల రోజుల కిందట విశాఖ ద్వారకానగర్‌లో ఒక స్టేషనరీ షాపులో మా పాప కోసం త్రిభుజాలు చేసుకునే కిట్టు ఒకటి కొన్నాను. డబ్బా మీద 550 ఉంది, 480కి ఇచ్చారు. కొన్న రోజే రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని, పదో రోజు రాసి ఉంటే కోపంలో రెండే ఇచ్చేదాన్ని. ఇప్పుడు నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగు ఎందుకో, ఒకటి ఎందుకు కోశానో రెండూ చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఇంట్లో ఆరు ఏడు తరగతుల పిల్లలున్న వాళ్ళు ఓపిగ్గా చదవండి.

పాప ఏడో తరగతి. యూనిట్ టెస్టులో ఒక త్రిభుజం బొమ్మ ఇచ్చి ఏ రకమో రాయమన్నారు. అది లంబకోణ త్రిభుజమే, కాకపోతే లంబకోణం కింద ఎడమ మూల కాకుండా పైకి వచ్చేలా, బొమ్మ మొత్తం వాలుగా గీశారు. ఇది అల్పకోణ త్రిభుజం, అంటే మూడు కోణాలూ 90 కంటే తక్కువ ఉండేది, అని రాసేసింది. ఎందుకలా రాశావమ్మా అంటే "నిటారు గీత లేదు కదా అమ్మా" అంది. లంబకోణం అంటే 90 డిగ్రీలు అని నోటికి వచ్చు, కంటికి మాత్రం పుస్తకంలో ఉన్న ఆ ఒక్క బొమ్మే తెలుసు. నిజానికి తప్పు పిల్లది కాదు, ఏ చార్టు చూసినా లంబకోణ త్రిభుజం అదే మూలన, అదే పక్కకి తిరిగి ఉంటుంది. చేత్తో పట్టుకుని తిప్పి చూసే వస్తువు ఏదైనా ఉంటే బాగుండునని అప్పుడే అనుకున్నాను.

డబ్బాలో ఏమేం ఉన్నాయంటే, 3 సెంటీమీటర్ల నుంచి 12 దాకా పది పొడవుల్లో ప్లాస్టిక్ పట్టీలు, ఒక్కో పొడవువి మూడేసి, మొత్తం 30. చిన్న ఇత్తడి బోల్టులు, నట్టులు. పెద్ద ప్రొట్రాక్టర్ ఒకటి. 40 కార్డులు, ఒక మడత చార్టు. పట్టీ మీద వేసిన అంకె పట్టీ చివర నుంచి చివరకి కాదు, కన్నం మధ్య నుంచి కన్నం మధ్యకి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే బోల్టు పడేది అక్కడే కాబట్టి త్రిభుజం భుజం నిజంగా అంతే పొడవు ఉంటుంది. వేరే షాపులో ఇంతకంటే చవకది ఒకటి చూశాను, దాని మీద అంకె పట్టీ మొత్తం పొడవుకి వేశారు, దాంతో చేసిన త్రిభుజం దేనికీ లెక్క కుదరదు. కొనేముందు స్కేలు పెట్టి కన్నం నుంచి కన్నానికి కొలిచి చూసుకోండి, షాపు వాళ్ళు ఏమీ అనుకోరు.

కార్డుల్లో నాకు బాగా నచ్చినవి అసలు త్రిభుజమే రానివి. 3, 4, 8 అని ఒక కార్డు ఉంది. పాప 8 పట్టీకి రెండు చివరలా 3, 4 బిగించి, ఆ రెండింటినీ ఎంత లాగినా అవి కలవవు, మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. తరవాతి కార్డు 4, 4, 8. ఈసారి కలుస్తాయి గానీ రెండు నాలుగులూ ఎనిమిది మీద పడుకుండిపోతాయి, మూల పైకి లేవదు. "ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో దానికంటే ఎక్కువ ఉండాలి" అని క్లాసులో రాయించిన వాక్యం నోట్సులో నెల రోజులుగా ఉంది, ఆ పడుకున్న పట్టీలు చూశాకే అది దానికి అర్థమయింది. "మరి 4, 5, 8 అయితే కాస్త లేస్తుంది కదా" అని తనే చేసి చూసుకుంది. లేచింది, బాగా పరుచుకున్న అధికకోణ త్రిభుజం, అంటే ఒక కోణం 90 దాటినది.

పిల్లలు మామూలుగా చేసే తప్పు ఇంకొకటి ఉంది. రెండు కోణాలు అల్పకోణాలు కనిపించగానే అల్పకోణ త్రిభుజం అని రాసేస్తారు. ఏ త్రిభుజంలో అయినా కనీసం రెండు అల్పకోణాలు ఉండి తీరతాయి, మూడూ కలిపి 180 కదా, రెండు పెద్దవి అందులో పట్టవు. కాబట్టి చూడాల్సింది అన్నింటికంటే పెద్ద కోణాన్ని. అది ఎక్కడుంటుందీ అంటే అన్నింటికంటే పొడుగు పట్టీకి ఎదురుగా. ఈ కిట్టులో పట్టీల మీద అంకెలు ఉంటాయి కాబట్టి పెద్ద అంకె ఉన్న పట్టీ చూడు, దానికి ఎదురు మూలలో ప్రొట్రాక్టర్ పెట్టు, అంతే, మూడు కోణాలూ కొలవక్కర్లేదు. ఈ అలవాటు దానికి వారంలో వచ్చేసింది. ఇప్పుడు బొమ్మ ఎటు తిప్పి ఇచ్చినా ముందు పొడుగు భుజం వెతుక్కుంటోంది.

ఇక అసలు గొడవ దగ్గరికి వస్తాను.

చార్టులో మూడు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలు. ఒక పక్క భుజాలను బట్టి సమబాహు (మూడూ సమానం), సమద్విబాహు (రెండు సమానం), విషమబాహు (మూడూ వేర్వేరు). పైన కోణాలను బట్టి అల్పకోణ, లంబకోణ, అధికకోణ. మొత్తం తొమ్మిది గడులు. సమబాహు వరసలో రెండు గడులు కొట్టేసి ఉన్నాయి, అది సరైనదే, మూడు భుజాలూ సమానమైతే మూడు కోణాలూ 60 కావాలి, అందులో 90 రావడం, 90 దాటడం కుదరవు. మిగిలినవి ఏడు. ఒక్కో గడిలో ఒక్కో ఉదాహరణ, పట్టీల అంకెలతో సహా. సమద్విబాహు, లంబకోణ కలిసే గడిలో 5, 5, 7 అని అచ్చు వేశారు. కార్డులో కూడా జవాబు అదే.

పాప 5, 5, 7 బిగించి ఎదురు కోణం కొలిచింది. 89 వచ్చింది. మళ్ళీ కొలిచింది, 88. నట్టు బిగించి మళ్ళీ, 89. "అమ్మా, 90 రావట్లేదు, నా చెయ్యి కదుల్తోందేమో" అంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను, ఎందుకంటే కన్నం కాస్త పెద్దది, బోల్టు కాస్త సన్నం, పట్టీ ఒక డిగ్రీ అటూ ఇటూ ఆడుతుంది. కానీ 3, 4, 5 పెట్టి కొలిస్తే 90, 91, 90. అది సరిగ్గా నిలబడుతోంది, ఇది మాత్రం ప్రతిసారీ తక్కువే చూపిస్తోంది.

మా మావయ్యగారు షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మనవరాలి పక్కన కూర్చుని చూస్తున్నారు. "ఏటమ్మా, మూల చూడాలంటే మూడు నాలుగు ఐదే. మన కంచరపాలెం ఇంటికి ముగ్గు పోసినప్పుడు మేస్త్రి కూడా టేపు పట్టి మూడడుగులు ఒక పక్క, నాలుగడుగులు ఒక పక్క కొలిచి, మధ్యన ఐదడుగులు వచ్చిందా లేదా అనే చూశాడు. ఐదు ఐదు ఏడుకి మూల వస్తాదని ఎవడు చెప్పాడు?" అన్నారు. అప్పుడు నేను కాగితం తీశాను. డిగ్రీలో నేను చదివింది లెక్కలే, ఇంత చిన్న విషయం డబ్బా తెరిచిన రోజే చూసుకోవాల్సింది.

లంబకోణం కావాలంటే రెండు పొట్టి భుజాల వర్గాలు కలిపితే సరిగ్గా పొడుగు భుజం వర్గం రావాలి. మూడు మూళ్ళు 9, నాలుగు నాలుగులు 16, కలిపితే 25, ఐదు ఐదులూ 25. సరిపోయింది, లంబకోణం. ఇప్పుడు 5, 5, 7. ఇరవై ఐదు, ఇరవై ఐదు కలిపితే 50. ఏడేళ్ళు 49. ఒకటి తక్కువ. పొడుగు భుజం ఉండాల్సిన దానికంటే పిసరంత పొట్టి కాబట్టి కోణం 90కి పిసరంత తక్కువ, లెక్క కడితే 88.9 దగ్గర వస్తుంది. అంటే 5, 5, 7 అల్పకోణ త్రిభుజం. చార్టులో అది ఉండాల్సిన గడి పక్క గడి. పాప కొలిచిన 89 సరైనది, అచ్చు వేసింది తప్పు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. పిల్ల ప్రొట్రాక్టర్ పెట్టి సరిగ్గా కొలిచి, పుస్తకంలో 90 ఉంది కాబట్టి తన చేతినే అనుమానించింది. పక్కన ఎవరూ లేకపోతే అది 89ని చెరిపి 90 రాసుకునేది. కొలిచి తెలుసుకోండి అని అమ్మే వస్తువులో ఈ తప్పు ఉండకూడదు. కొన్ని వందల ఇళ్ళకి వెళ్ళే డబ్బాలో ఒక గడి అచ్చు వేసేముందు ఒక్కరు ఒక్కసారి పట్టీలు బిగించి చూసుకున్నా సరిపోయేది.

కోపం తగ్గాక పాప ఇంకో ప్రశ్న వేసింది, అది నాకు చాలా సంతోషం కలిగించింది. "అయితే సరిగ్గా 90 వచ్చేది ఏది అమ్మా? ఇన్ని పట్టీలున్నాయి కదా." నేను చెప్పలేదు, వెతకమన్నాను. ఆదివారం పొద్దున్నంతా కూర్చుంది. 6, 6, 8 పెడితే 84. 6, 6, 9 పెడితే 97. 8, 8, 11 పెడితే 87. 7, 7, 10 పెడితే 91. అన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. చిట్టచివరికి "5, 5, 7 ఒక డిగ్రీ తక్కువ, 7, 7, 10 ఒక డిగ్రీ ఎక్కువ, మధ్యలోది దొరకట్లేదు" అని తెచ్చి చూపించింది. లెక్కలోనూ అంతే, 49, 49 కలిపితే 98, పది పదులు 100, ఈసారి పొడుగు భుజం ఎక్కువైంది. పది పట్టీలు కాదు, వెయ్యి పొడవుల పట్టీలు ఇచ్చినా పూర్తి సెంటీమీటర్లలో అది దొరకదని అప్పుడు చెప్పాను. ఒక పూర్ణసంఖ్య వర్గం ఇంకో పూర్ణసంఖ్య వర్గానికి సరిగ్గా రెండింతలు ఎప్పుడూ కాదు. దగ్గరికి వస్తుంది, ఒకటి తేడాలో ఆగుతుంది. 12, 12, 17 చూడండి, 288కి 289.

అది విని పాప లోపలికి వెళ్ళి జామెట్రీ బాక్సు తెచ్చింది. అందులో మూలమట్టాలు రెండు ఉంటాయి కదా, అందులో ఒకటి తీసి "మరి ఇది 45, 45, 90. ఇది ఎలా చేశారు?" అంది. నిజమే, సమద్విబాహు లంబకోణ త్రిభుజం ప్రతి పిల్ల పెట్టెలోనూ ఉంది. స్కేలు పెట్టి దాని భుజాలు కొలిపించాను, పొట్టి భుజాలు రెండూ సమానం, పొడుగుది సెంటీమీటరు గీత మీద ఆగలేదు, గీతకీ గీతకీ మధ్యలో పడింది. దానికి విషయం అక్కడ తెగింది. రెండో మూలమట్టం 30, 60, 90, అది విషమబాహు లంబకోణ త్రిభుజం. రెండు మూలమట్టాలూ లంబకోణ త్రిభుజాలే, ఇన్నేళ్ళుగా అవి మన పెట్టెల్లో ఉన్నా ఏ రకం అని ఎవరూ అడగరు.

తయారు చేసేవాళ్ళకి నా సలహా సులువైనదే. 8.5 సెంటీమీటర్ల పట్టీ ఒకటి వేస్తే 6, 6తో కలిపి లంబకోణానికి కంటికి తేడా తెలియనంత దగ్గరగా వస్తుంది, ఆ గడిలో "సుమారుగా" అని రాస్తే చాలు. ఇంకో పట్టీ 13ది. ఇప్పుడున్న 12 దాకా పట్టీలతో విషమబాహు లంబకోణ త్రిభుజాలు రెండే వస్తాయి, 3, 4, 5 ఒకటి, 6, 8, 10 ఒకటి, అందులో రెండోది మొదటిదానికి రెట్టింపే కాబట్టి నిజానికి ఒకటే ఆకారం. 13 ఉంటే 5, 12, 13 కూడా వస్తుంది, పిల్లలకి సన్నగా పొడుగ్గా ఉండే లంబకోణ త్రిభుజం కూడా కనిపిస్తుంది.

ఇంత చెప్పాక నాలుగు స్టార్లు ఎందుకంటే, ఈ పట్టీలతో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. పాప 3, 4, 5 త్రిభుజాలు రెండు చేసింది, ప్రతి పొడవుకీ మూడేసి పట్టీలు ఇవ్వడం వల్ల రెండు ఒకేసారి చేసే వీలుంది. రెండింటినీ 3 పట్టీలు ఆనుకునేలా పక్కపక్కన పెట్టింది. కింద 4, 4 కలిసి 8 అయ్యాయి, పైన రెండు ఐదులు, అంటే 5, 5, 8, అధికకోణ సమద్విబాహు త్రిభుజం. వాటినే మళ్ళీ తీసి 4 పట్టీలు ఆనుకునేలా పెట్టింది, ఈసారి కింద 3, 3 కలిసి 6, పైన మళ్ళీ రెండు ఐదులు. 5, 5, 6, అల్పకోణ సమద్విబాహు. అవే రెండు లంబకోణ త్రిభుజాలు, ఒకలా పెడితే పరుచుకుంటాయి, ఇంకోలా పెడితే నిలబడతాయి. ఇది ఏ కార్డులోనూ లేదు. 5, 5, 8 చూసి మావయ్యగారు "ఇది భీమిలిలో మన పాత పెంకుటిల్లు ముందు గోడే" అన్నారు, పైకప్పు వాలు అచ్చం అలాగే ఉండేదట.

నాలుగు పట్టీలతో 6, 8, 6, 8 చతురస్రం లాంటిది చేస్తే, అంటే దీర్ఘచతురస్రం, అది చేత్తో తోస్తే పక్కకి వాలిపోతుంది. అడ్డంగా మూల నుంచి మూలకి 10 పట్టీ బిగిస్తే బిర్రుగా నిలిచిపోతుంది, పైగా నాలుగు మూలలూ 90 అవుతాయి. 9 బిగిస్తే నిలబడుతుంది గానీ వాలుగా నిలబడుతుంది. ఆ మర్నాడు సింధియా వైపు వెళ్తుంటే దూరంగా షిప్‌యార్డు క్రేన్ల చేతులు చూసి, వాటిలో అడ్డకడ్డీలన్నీ త్రిభుజాలేనని బస్సులో అందరికీ వినపడేలా అరిచింది.

పేర్ల సంగతి ఒకటి. కార్డుల మీద పేర్లు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి, ఈక్విలేటరల్, ఐసోసెలీస్, స్కేలీన్ అని. చార్టు మీద తెలుగు పేర్లు నేనే స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను. దాని స్కూలు పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటుంది కాబట్టి రెండూ రావాలి. నా అభిప్రాయం చెప్పాలంటే, తెలుగు పేరు ముందు నేర్పితే నిర్వచనం విడిగా నేర్పక్కర్లేదు. సమ, ద్వి, బాహు. సమానమైన రెండు చేతులు. అర్థం పేరులోనే ఉంది. ఐసోసెలీస్‌లో కూడా ఉంది, గ్రీకులో సమానమైన కాళ్ళు అని, కానీ మన పిల్లలకి గ్రీకు రాదు కదా. అల్పకోణం, అధికకోణం కూడా అంతే. మావయ్యగారు లఘుకోణం, గురుకోణం అంటారు, ఆ మాటలూ పుస్తకాల్లో ఉన్నాయి, రెండూ ఒకటేనని పిల్లలకి ముందే చెప్పేస్తే పరీక్షలో టెన్షన్ ఉండదు.

ఒక కార్డు మీద సమద్విబాహు అంటే "రెండు భుజాలు మాత్రమే సమానం" అని ఉంది. పాతకాలపు గ్రీకు గణిత పండితుడు యూక్లిడ్ అలాగే రాశాడు. ఇప్పటి గణితంలో "కనీసం రెండు" అంటారు, అప్పుడు సమబాహు కూడా సమద్విబాహులో ఒక రకమే అవుతుంది. దీన్ని తప్పు అనను, కానీ మీ పిల్లల పుస్తకంలో ఏది ఉందో చూసి అది చెప్పండి.

నాణ్యత విషయానికి వస్తే పట్టీలు గట్టివే, నెలలో ఒక్కటీ విరగలేదు. బోల్టులు రెండు పోయాయి, సముద్రం గాలికి మిగతావి కాస్త నల్లబడ్డాయి గానీ తిరుగుతున్నాయి. 9 పట్టీల్లో ఒకటి కొలిస్తే 8.8 ఉంది. షాపుకి తీసుకెళ్తే ఒక్క మాట కూడా అనకుండా ఇంకో డబ్బా తెరిచి మార్చి ఇచ్చారు, స్కేలు కూడా వాళ్ళే పెట్టి చూశారు. 5, 5, 7 సంగతి అక్కడ కూర్చున్న ఆయనకి చెప్పి కాగితం మీద 50, 49 వేసి చూపిస్తే "మేడమ్, ఇది నాకు రాసి ఇవ్వండి, సరుకు పంపేవాళ్ళకి పంపిస్తాను" అని ఆ కాగితం తీసుకున్నారు. డబ్బా మీద ఉన్న నంబరుకి నేనూ మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడ కలుపుతాను.

అప్పటిదాకా కొనేవాళ్ళు ఆ గడిలో 5, 5, 7ని పెన్నుతో కొట్టేసి, కార్డు మీద జవాబు కూడా మార్చి పిల్లలకి ఇవ్వండి. పిల్ల కాస్త పెద్దదైతే కొట్టెయ్యకుండా ఇచ్చి కొలవమనండి. 13 పట్టీ మావయ్యగారు పాత ప్లాస్టిక్ స్కేలు కోసి చేసిపెట్టారు, కన్నాలకి డ్రిల్లు లేకపోతే మేకు కాల్చి గుచ్చినా సరిపోతుంది, మధ్య నుంచి మధ్యకి సరిగ్గా 13 ఉండేలా ముందు గుర్తు పెట్టుకోండి. షాపు సందులో సాయంత్రం బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు, పొద్దున పదకొండు లోపల వెళ్ళండి.